అయిదో నంబరు తెల్ల అంగీ

అన్నం తినాలంటే చేతిలో రెండు పుల్లలు కావాలి. పుల్లలు డబ్బాలో ఉన్నాయి. డబ్బా గుడ్డలో ఉంది. గుడ్డకు పిల్లవాడి తల్లి వేసిన ముడి వేసినట్టే ఉంది.

ఇన్‌స్పెక్టర్ ఒగిసో మోకాళ్ల మీద కూర్చుని, పిల్లవాడి బల్లకు వేలాడుతున్న సంచీలోకి తల దూర్చి, ఆ ముడిని చూశాడు. లేచేటప్పుడు మోకాళ్లు రెండూ టపటపమన్నాయి. రిటైరు కావడానికి ఇంకో శీతకాలం ఉంది గాని, మోకాళ్లు ముందే రాజీనామా ఇచ్చేశాయి.

ఈ ఒగిసో ఒకసారి కోళ్లదొంగ ఆచూకీ కోళ్లనే అడిగి పట్టాడని ఈ హినోసావా ఊళ్లో చెప్పుకుంటారు. అది శుద్ధ అబద్ధం. పట్టినది దొంగను కాదు, నక్కను. కోళ్లను అడిగినమాట మాత్రం నిజమే.

సోమవారం మధ్యాహ్నం, బడి భోజనం వేళ, ఈ నాలుగో తరగతి గదిలో ఇత్సుకి అనే పదేళ్ల పిల్లవాడు కుప్పకూలాడు. వాడికి సోబా పడదు. సోబా అంటే ఈ కొండల్లో వరి పండని ప్రతి చెక్కలోనూ పండే నల్లగింజ. దాని పిండితో చేసిన నూడుల్స్ ఉడకని ఇల్లు ఈ ఊళ్లో ఇత్సుకి ఇల్లొక్కటే. అందుకే బడి వంటింట్లోకి ఆ గింజ ఏళ్లుగా అడుగుపెట్టలేదు. అయినా డాక్టరు మాత్రం వాణ్ణి పడగొట్టింది సోబాయేనన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు. "ఊపిరి ఇప్పుడిప్పుడే దారిలో పడుతోంది. ఇంకొక్కసారి అదే తగిలితే మా చేతుల్లో ఉండదు."

ఆ మాట చెప్పి మూడు రోజులైంది. సోబా ఎక్కణ్నుంచి వచ్చిందో ఇంకా ఎవరికీ తెలియదు. అంటే మళ్లీ ఎక్కణ్నుంచి వస్తుందో కూడా ఎవరికీ తెలియదు.

"సంచీలో ఏమైనా దొరికిందా పెద్దాయనా, లేక నిద్రపోయారా?"

గుమ్మంలో కజమా నిలబడి ఉన్నాడు. జిల్లా పోలీసు కేంద్రం నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టరు. తన బూట్లలో మొహం చూసుకుని తల దువ్వుకునే రకం.

"నిద్రపోదామనుకున్నాను. ఒక ముడి అడ్డమొచ్చింది," అన్నాడు ఒగిసో. "కజమా గారూ, మీ ఊళ్లో జనం అన్నం దేంతో తింటారు?"

"ఏం ప్రశ్న అది?"

"ఈ పిల్లవాడు మొదటి ముద్ద తినగానే పడిపోయాడని మీ నివేదిక. పుల్లల డబ్బా సంచీలోంచి బయటికే రాలేదు. పాలపెట్టెకు అంటించిన పీల్చే గొట్టం కాగితంలోనే ఉంది. వాడు దేంతో తిన్నాడు, ముక్కుతోనా?"

కజమా బల్ల మీది పసుపురంగు పళ్లెం వైపు చూశాడు. పడనివి ఉన్న పిల్లలకు అన్నీ విడిగా వండి, పేరు అంటించి, పసుపు పళ్లెంలో పంపుతారు. గిన్నెల్లోని తిండిని పరీక్ష కోసం సోమవారమే తోడుకుపోయారు, ఫలితం ఇంకా రాలేదు. గది మూసి ఉండడంతో పులుసు వాసన ఇంకా గోడలను పట్టుకునే ఉంది.

"టీచరు కళ్లారా చూసింది. పక్క పిల్లవాడి పుల్లలతో తిన్నాడేమో. ఇవన్నీ చిల్లర విషయాలు," అన్నాడు కజమా. "వంటింటి పెద్ద హోరియుచి ఈ నెలలోనే నూడుల్స్ అమ్మేవాణ్ణి మార్చింది. కొత్తవాడు ఒకే కొట్టంలో గోధుమా పిసుకుతాడు, సోబా పిసుకుతాడు. మిగతా పిల్లలకు ఆ నూడుల్స్ వడ్డించిన గరిటెతోనే ఇత్సుకికి పులుసు పోశారు. అయిపోయింది."

"దాచిన తిండి సంగతేమిటి?"

వండిన ప్రతిదాంట్లోనూ కాస్త తీసి రెండు వారాలు మంచుపెట్టెలో దాచడం ప్రతి బడి వంటింటికీ నియమం. సోమవారం దాచినవి పరీక్షకు వెళ్లాయి. ఫలితం ఈ ఉదయమే వచ్చింది. అందులో సోబా జాడ లేదు.

"తన మెడకు తనే తాడు దాచుకునేంత వెర్రిదా ఆవిడ? శుభ్రమైనది దాచింది." కజమా గడియారం చూసుకున్నాడు. "నాలుగింటికి ఆవిణ్ణి తీసుకుపోతున్నాను. ఊరంతా అదే కోరుతోంది. హెడ్మాస్టరు కూడా."

"హెడ్మాస్టరుకేం, పిల్లలకంటే ముందు ప్రతిరోజూ రుచి చూసేది ఆయనే. పాతకాలపు దొరగారి ముందు విషం రుచి చూసే నౌకరులాగా. ఆయన బతికే ఉన్నాడుగా."

"ఆయనకు సోబా పడుతుంది."

"ఆయనకు అన్నీ పడతాయి, నిజమే. ఆ పొట్ట చూస్తేనే తెలుస్తుంది," అన్నాడు ఒగిసో.

కజమా గుమ్మం వైపు తిరిగాడు. "నాలుగింటికి," అని మళ్లీ చెప్పి వెళ్లిపోయాడు. మెట్ల కింద, హెడ్మాస్టరు గదిలో, హోరియుచి పొద్దుటినుంచి గోడకేసి చూస్తూ కూర్చుని ఉంది. ఎవరైనా పలకరిస్తే ఒకే ఒక్క మాట అడుగుతోందట. "ఇవాళ వాడేమైనా తిన్నాడా?"

*

నకమిచి టీచరు వచ్చేసరికి రెండున్నర దాటింది. చేతికి రంగుకాగితాల కొంగల దండ వేలాడుతోంది. ఇత్సుకి కోలుకోవాలని తరగతి పిల్లలంతా కలిసి మడిచినవి. చంకలో బట్టతో కట్టిన మూట. రెండూ తన బల్ల మీద పెట్టి, గుమ్మం దగ్గరే నిలబడిపోయింది.

"లోపలికి రండి టీచరుగారూ. ఈ గది మీదే."

"బడి అయిపోయింది. ఇత్సుకిని చూడడానికి ఆస్పత్రికి వెళ్లాలి. బస్సు టైమవుతోంది."

"ఎంతోసేపు పట్టదు." ఒగిసో టోపీ తీసి బల్ల మీది మూట మీద పెట్టాడు. టోపీ మెత్తగా, ఒక పక్కకు దిగింది. "ఇత్సుకి మొదటి ముద్ద ఏం తిన్నాడు? అన్నమా, పులుసా?"

"అన్నం... పులుసు అనుకుంటాను."

"దేంతో తిన్నాడు?"

 ఒగిసో సంచీలోంచి ముడి విప్పని డబ్బా తీసి, ఆమె ముందు పెట్టాడు. బెదిరించలేదు. ఎదురుగా పిల్లల కుర్చీలో ఇరుక్కుని కూర్చున్నాడు. అంత పెద్దమనిషి అంత చిన్న కుర్చీలో కూర్చుంటే మామూలు రోజుల్లో నవ్వొచ్చేది.

"టీచరుగారూ, నేను నలభయ్యేళ్లుగా అబద్ధాలు వింటున్నాను. దొంగల అబద్ధాలు బలంగా ఉంటాయి. మంచివాళ్ల అబద్ధాలు తడిసిన కాగితంలా ఉంటాయి, వేలు పెడితే చిరుగుతాయి. మీరు చెప్పిన ఒక్క ముద్ద వల్ల కింద ఒకావిడ గోడకేసి చూస్తూ కూర్చుంది. వాడు తిన్నాడా?"

నకమిచి టీచరు కూర్చుంది. కొంగల దండ సవరించింది.

"తినలేదు," అంది. "అసలు కూర్చోనేలేదు. ఈ వారం వడ్డన వంతు వాడిది. తెల్ల అంగీ తొడుక్కుని, టోపీ పెట్టుకుని, మాస్కు కట్టుకుని మిగతా పిల్లలతో వంటింటి నుంచి పులుసు డబ్బా మోసుకొస్తున్నాడు. వరండాలోనే దగ్గు మొదలైంది. గదిలోకొచ్చి మాస్కు కిందికి లాగాడు. నేను..."

"మీరు?"

"వడ్డించేవాళ్లు మాస్కు తీయకూడదు కదా. పైకి కట్టుకో ఇత్సుకీ, అందరి అన్నంలోనూ దగ్గుతావా, అన్నాను." ఆమె చూపు వాడి బల్ల మీదికి పోయింది. "కట్టుకున్నాడు. మాట వినే పిల్లాడు. సారీ టీచర్ అని, కట్టుకుని, గరిటె పట్టుకున్నాడు. పది గిన్నెలు నింపాడో లేదో పడిపోయాడు. తొడకు పొడిచే మందుసూది ఆఫీసు గదిలోంచి నేనే పరుగెత్తి తెచ్చాను. పొడిచాను. అది మాత్రం సరిగ్గానే చేశాను."

ఒగిసో కిటికీ వైపు చూశాడు. బయట ఆటస్థలం ఖాళీగా ఉంది. తల్లులు రెండు రోజులుగా పిల్లలను ఆడుకోనివ్వకుండా ఇంటికి తీసుకుపోతున్నారు.

"తిన్నాక పడ్డాడంటే వంటింటి తప్పవుతుందనుకున్నారు."

"అనుకోలేదు. నోట్లోంచి వచ్చేసింది. తరవాత వెనక్కి తీసుకోలేకపోయాను."

"ఇప్పుడు తీసుకున్నారుగా. ఆ అంగీ ఎక్కడుంది?"

ఆమె వెనకగోడ వైపు చూపించింది. కొక్కేలకు ఎనిమిది తెల్ల సంచులు, వాటి మీద నంబర్లు. అంబులెన్సు వాళ్లు వాడి అంగీ తీసి నేలమీద పడేస్తే, ఎవరో పిల్లలు మడిచి సంచీలో పెట్టి మళ్లీ దాని కొక్కేనికే తగిలించారట. అది అయిదో నంబరు సంచీ. ఏం జరిగినా వస్తువు చోటు వస్తువుదే అని ఈ బళ్లల్లో ఒకటో తరగతి నుంచీ నేర్పిస్తారు.

ఒగిసో చేతులకు తొడుగులు వేసుకుని, అంగీని బల్ల మీద పరిచాడు. ముందు వాసన చూశాడు. సబ్బు. తరవాత మడతలు చూశాడు. కత్తితో గీసినట్టు పదునుగా ఉన్నాయి. కాని ఇస్త్రీ చేసిన బట్టకుండే మెరుపు వాటికి లేదు.

ఇలాంటి మడతలు ఆయనకు తెలుసు. పోలీసు శిక్షణలో కొత్తకుర్రాళ్లు ఇస్త్రీపెట్టె లేక, ప్యాంటును పరుపు కింద పరిచి, రాత్రంతా దాని మీద పడుకునేవాళ్లు. ఒళ్లు కదపకుండా పడుకున్నవాడి ప్యాంటు తెల్లారేసరికి కత్తిలా ఉండేది. కదిలినవాడి ప్యాంటు, వాడి బుర్రలాగే వంకరగా ఉండేది.

అదే సంచీలోని తెల్ల టోపీ లోపలి అంచు తిరగేశాడు. రబ్బరుపట్టీ కుట్టు దగ్గర, గోరుమొనంత, నల్లటి పెళుసు ముక్క. దానికి మూడు మూలలు. అంగీ మెడ మడత విప్పితే సన్నని గోధుమరంగు ధూళి రాలింది. అంగీ మెడ అంటే ముక్కు కిందే. దాని మీద ఇత్సుకి మాస్కు బిగించి కట్టుకున్నాడు.

మూడు మూలల పొట్టు ఉన్న గింజ ఈ కొండల్లో సోబా ఒక్కటే.

"శుక్రవారం నాడు వడ్డన పిల్లలు ఎవరి అంగీ వాళ్లు ఇంటికి తీసుకెళ్లి, ఉతికించి సోమవారం తెచ్చి, తరవాతి వంతువాళ్లకిస్తారు. అంతేగా?" అని అడిగాడు ఒగిసో.

"అంతే. మా చిన్నప్పుడూ అంతే."

"పోయిన వారం అయిదో నంబరు ఎవరిది?"

"కోహరుది. వాళ్ల అమ్మమ్మ తోమె గారు ఉతికి పంపుతుంది. తల్లి వేడినీటి గుండాల సత్రంలో పనిచేస్తుంది, ఇంటికి వచ్చేది తక్కువ." టీచరు కంగారుగా లేచింది. "కాని తోమె గారు చాలా జాగ్రత్త మనిషండీ. ఇత్సుకి సంగతి తెలిసినప్పట్నుంచి కోహరుకి పొద్దున సోబా పెట్టడమే మానేసింది. అలాంటావిడ..."

"నేను ఎవరినీ ఏమీ అనలేదు. మీరు బస్సుకు వెళ్లండి."

ఒగిసో మూట మీది తన టోపీ తీసుకుని తల మీద పెట్టుకున్నాడు. టీచరు కొంగల దండ, మూట తీసుకుని, బరువు దిగిన మనిషిలా మెట్లు దిగింది.

*

ఒగిసో ఆ నల్లముక్కను కాగితంలో మడిచి, మిగతా ఏడు సంచులూ వెతికి కిందికి దిగేసరికి నాలుగు కావస్తోంది. మెట్ల కింద కజమా హోరియుచి చేత కోటు తొడిగిస్తున్నాడు.

"టీచరు మాట మార్చింది," అన్నాడు ఒగిసో. "పిల్లవాడు తినలేదు. సోబా పళ్లెంలో రాలేదు. అంగీలో వచ్చింది."

"అంగీలోనా?" కజమా పెదవి ఒక పక్కకు లాగాడు. "రేపు బూటులో వచ్చిందంటారు. నాకు నేరస్తురాలు కావాలి ఒగిసో గారూ, చాకలిపద్దు కాదు."

"నాకు కావలసింది మూడోది. ఆ సోబా ఇంకా ఎక్కడెక్కడ ఉందో తెలియాలి. ఆవిణ్ణి ఒక్క గంట ఇక్కడే కూర్చోబెట్టండి. నా మాట తప్పయితే నేనే ఆవిణ్ణి బస్సెక్కించి, మీ కేంద్రం దాకా మీ బూట్లు తుడుచుకుంటూ వస్తాను."

హోరియుచి అప్పుడే తల తిప్పింది. "అంగీలోనా?" అంది మెల్లగా. "అన్నీ చూశాను. పిండి చూశాను, నూనె చూశాను, గరిటెలు విడిగా పెట్టాను. పిల్లల బట్టలు చూడాలని తోచలేదు." తప్పు తనది కాదని తెలిసిన నిమిషంలో కూడా ఆవిడ ఒక తప్పు వెతుక్కుంది.

కజమా గడియారం చూసి, "ఒక్క గంట," అన్నాడు.

*

తోమె అవ్వ ఇల్లు బడి వెనక వాలులో ఉంది. ఒగిసోను చూడగానే అవ్వ చాప మీద చోటు చూపించి, టీ పోసింది. వయసుతో వంగిన నడుము. ఇంటి నిండా వంటచెరకు వాసన.

"కోహరు ఏమైనా చేసిందా నాయనా?"

"ఏమీ చేయలేదు అవ్వా. నీ ఉతుకు చూసి మెచ్చుకుందామని వచ్చాను. ఆ తెల్ల అంగీ మడతలు మా కమిషనరు చొక్కాకి కూడా ఉండవు. ఇస్త్రీపెట్టె ఏ కంపెనీది?"

అవ్వ పళ్లులేని నోటితో మురిసిపోయింది. "ఇస్త్రీపెట్టె నాకెందుకు, కొంప తగలెయ్యడానికా? ఉతికి, ఎండబెట్టి, మడతపెట్టి దిండు కింద పెట్టుకుంటాను. మా అత్త నేర్పింది. నా పెళ్లినాటి బట్టలకూ అలాగే మడతలు తేల్చాను. రాత్రంతా తల కదపను. చచ్చాక ఎలా పడుకోవాలో ఇప్పట్నుంచే అలవాటవుతుంది."

"ఆదివారం రాత్రి కూడా అలాగే పెట్టావా?"

"ఆదివారం మరీ జాగ్రత్తగా పెట్టాను. కోహరు వాళ్లమ్మ వచ్చిందని సోబా ఉడికించాను. ఆ పిల్లాడికి పడదటగా, అంగీకి పిండి అంటుకుంటుందేమోనని వంటింటి ఛాయలకే రానివ్వలేదు. తీసుకెళ్లి పడకగదిలో, దిండు కింద దాచేశాను. తలుపు కూడా వేశాను."

ఒగిసో టీగిన్నె కింద పెట్టాడు. అడగబోయే ప్రశ్నకు జవాబు ఆయనకు ముందే తెలుసు. ఈ కొండల్లో పుట్టినవాడు. ఆయన అమ్మమ్మ దిండూ అలాగే సరసరలాడేది.

"దిండులో ఏముంది అవ్వా?"

"ఏముంటుంది? సోబా పొట్టు. అందరి దిండుల్లో ఉండేదేగా. తలకు చల్లగా ఉంటుంది. నాది మరీ పాతదై, గుడ్డ చీకి, ధూళి రాలుతోంది. అందుకే సోమవారం విప్పేశాను."

ఒగిసో టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఈ ముసలిదానికి ఎలా చెప్పాలి? చేతులారా కాపాడాలనుకుని, చేతులారా... మాటలు వెతుక్కుంటూ తల దించాడు. టోపీ అంచు కింద, ఊలుగుడ్డను పట్టుకుని, గోరుమొనంత నల్లటి ముక్క. మూడు మూలలు.

బడి టోపీలో దొరికిన ముక్క కాగితంలో మడిచి జేబులో భద్రంగా ఉంది. జేబు తడిమి చూసుకున్నాడు. అది అక్కడే ఉంది. ఇది రెండోది.

ఈ టోపీ ఆ అంగీని తాకలేదు. ఇవాళ ఇది ఆయన తల మీద ఉంది, ఆ తరవాత టీచరు బల్ల మీద, మూట మీద ఉంది. మెత్తగా, ఒక పక్కకు దిగిన మూట.

"అవ్వా," అన్నాడు. "విప్పిన పొట్టు ఏం చేశావు?"

"ఎండబెట్టి సగం కొత్త గుడ్డలో పోసుకున్నాను. సగంతో ఆ పిల్లాడికి చిన్నదిండు కుట్టాను నాయనా. మంచం పట్టిన పిల్లాడు, తల వేడెక్కుతుంది కదా. కుందేళ్ల బొమ్మలున్న గుడ్డ. పొద్దున కోహరు చేత పంపితే టీచరమ్మ చాలా సంతోషించిందట. ఇవాళే ఇచ్చొస్తానందట."

"లోపల ఏముందో టీచరుకు చెప్పావా?"

"దిండులో ఏముంటుందో కూడా చెప్పాలా?"

"ఆ పిల్లవాడికి సోబా పడదని నీకు తెలుసు కదా."

"ఎందుకు తెలియదు?" అవ్వ నిజంగానే ఆశ్చర్యపోయింది. "కాని దిండు ఎవరు తింటారు నాయనా?"

ఒగిసో అప్పటికే గుమ్మంలో ఉన్నాడు. టీచరు ఫోను మోగింది, మోగింది, ఆగింది. ఆస్పత్రి గుమ్మంలో అందరూ ఫోనులు మూగవి చేసి లోపలికి వెళతారు, మర్యాద. ఆస్పత్రి నంబరు తిప్పితే, దయచేసి వేచి ఉండండి అంటూ సంగీతం వినిపించింది. అది కట్టేసి ఇత్సుకి తల్లికి చేశాడు. ఒకసారి. రెండోసారి. మూడోసారికి ఎత్తింది.

"ఇన్‌స్పెక్టరుగారా?" గుసగుసగా అంది. నాలుగు రోజుల్లో మొదటిసారి ఆ గొంతులో కాస్త ప్రాణం ఉంది. "మెల్లగా మాట్లాడండి, వాడిప్పుడే నిద్రపోయాడు. టీచరుగారు వచ్చి వెళ్లారు. పిల్లలంతా కొంగలు పంపారు, ఇంకా..."

"దిండు," అన్నాడు ఒగిసో. "అమ్మా, ఆ దిండు తీసి గది బయట పారెయ్. వెంటనే. నర్సును పిలువు."

"ఏ దిండు? కుందేళ్లదా? వాడికి ఎంత నచ్చిందో, మొహం ఆనించి..."

ఫోనులో సరసరమని చప్పుడైంది. పొట్టు మీద చిన్న తల ఒకటి పక్కకు ఒత్తిగిల్లిన చప్పుడు.

దాని వెనకాలే, చిన్న దగ్గు.